ఇంటి గీత

మా సంస్థకు పాతికేళ్లు నిండుతున్నాయని ప్రత్యేక సంచిక వేస్తున్నారు. "కొలిమి గురించి మీరే రాయాలి మేడమ్. మూడు పేజీలు చాలు. కాస్త ఆహ్లాదంగా ఉండేట్టు చూడండి" అని ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఆహ్లాదంగానే రాసి పంపాను. ఎప్పుడు కట్టాం, ఎన్ని డిగ్రీలు కాగుతుంది, ఏయే దేశాల వాళ్లు వచ్చి చూసిపోయారు, అన్నీ ఉన్నాయి. అందులో ఒక్క అబద్ధం లేదు. చెప్పాల్సింది కూడా ఒక్కటీ లేదు. చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను. దీన్ని నన్నెవరూ అడగలేదు.

ఆ కొలిమిని కట్టినవాడు ఓబులేసు, నా భర్త. అతను పోయి మూడేళ్లయింది.

నా చదువు అతి వేడి గ్రహాల గాలి గురించి. చుట్టాలు అడిగితే మొదట్లో ఓపిగ్గా చెప్పేదాన్ని. "అయితే మా వాడి జాతకం చూడు" అనేవాళ్లు. తర్వాత మానేశాను. మా ప్రయోగశాలంతా కూడి ఒక గ్రహం వెంట పడ్డాం. దానికి కేటలాగులో ఏదో నంబరుంది కానీ మేం మంగలం అని పిలిచేవాళ్లం, పేలాలు వేయించే మంగలం. తొమ్మిదివందల కాంతి సంవత్సరాల దూరం. మన గురుగ్రహం కంటే పెద్దది. తన సూర్యుడికి ఎంత దగ్గరగా తిరుగుతుందంటే, మనకు ఒక వారం గడిచేలోపు అక్కడ అయిదు ఉగాదులు వస్తాయి. ఒక వైపు ఎప్పుడూ పగలే, ఇంకో వైపు ఎప్పుడూ రాత్రే. పగటి వైపు ఇనుము ఆవిరై గాలిలో కలిసిపోయేంత వేడి.

అంత దూరాన గాలిలో ఏముందో ఎలా తెలుస్తుంది? ఆ గ్రహం తన సూర్యుడికి అడ్డంగా నడిచేటప్పుడు, వెలుగు కొంచెం దాని అంచున ఉన్న గాలి గుండా వడపోసుకుని మనదాకా వస్తుంది. ఆ గాలిలో ఏ ఆవిరి ఉంటే అది తనకిష్టమైన రంగులు కొరుక్కు తింటుంది. వచ్చిన వెలుగును రంగులుగా విడదీసి పరిస్తే, కొరికినచోటల్లా ఒక నల్లగీత. ఏ గీత ఎవరి పంటిగుర్తో పోల్చుకుంటే చాలు. ఆ పోల్చడంలోనే చిక్కంతా. పుస్తకాల్లో ఉన్న గీతలన్నీ చల్లగా ఉన్న ఆవిర్లవి. వేడెక్కితే ఒక్కో ఆవిరికి వేల గీతలు పుట్టుకొస్తాయి. కాబట్టి అక్కడి గాలిని ఇక్కడే, అనంతపురం బయట రాళ్లగుట్ట పక్కన, రెండువేల రెండువందల డిగ్రీలకు కాచి చూడాలి. మా డైరెక్టరు ప్రొఫెసర్ హరనాథ్ గారు ఆ మాట అన్నప్పుడు నవ్వని శాస్త్రవేత్త లేడు. నవ్వనివాడు ఓబులేసు ఒక్కడే. అతను శాస్త్రవేత్త కాదు, గాజూ కొలుములూ చూసే టెక్నీషియను.

నేను పీహెచ్‌డీ, అతను ఐటీఐ. మా పెళ్లికి రెండు వైపులా ఎవరూ రాలేదు గనక ఎవరికీ మర్యాదలు చేయాల్సిన పని తప్పింది. ల్యాబులో నేను "ఓబులేసు గారూ" అనేదాన్ని, అతను "మేడమ్" అనేవాడు. గేటు దాటగానే అతనికి నేను "మే", నాకు అతను "ఏమప్పా". ఈ మార్పు ఎంత ఖచ్చితంగా గేటు దగ్గరే జరిగేదో చూసి సెక్యూరిటీ అతను రోజూ నవ్వుకునేవాడు.

కొలిమి సంగతి ఎక్కడ ఆగిందంటే కిటికీ దగ్గర. లోపల కాగే ఆవిరి గుండా వెలుగు పోవాలి, బయటికి రావాలి. గాజు కిటికీ పెడితే పది నిమిషాల్లో లోహపు ఆవిరి పేరుకుని మసిబారేది. పదహారు కిటికీలు పెట్టాం. పదహారూ పాడయ్యాయి.

ఒక ఆదివారం ఓబులేసూ నేనూ పెళ్లిరోజు చీర కొనడానికి పెద్ద బట్టల షాపుకు వెళ్లాం. గుమ్మం మీద గాలి కొట్టే మిషను ఉంది. నేను లోపలికి పోయి చూస్తే మనిషి లేడు. గుమ్మంలోనే నిలబడి, చెయ్యి అటూ ఇటూ ఆడిస్తున్నాడు.

"రాప్పా. పట్టుచీరలు పైనున్నాయంట" అన్నాను.

"ఉండు మే. ఇది చూడు. తలుపు తెరిచే ఉండాది. లోపల సల్లగా ఉండాది. ఆ సల్లగాలి బయటికి పోకుండా ఆపింది ఏంది? గాలే గదా!"

వాచ్‌మన్ అనుమానంగా వచ్చాడు. "ఏం సార్, ఏమన్నా పోగొట్టుకున్నారా?"

"లేదప్పా, దొరికింది" అని ఓబులేసు నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. చీర కొనలేదు. ఇప్పటికీ కొనలేదు.

రెండు నెలల్లో కొలిమికి కిటికీ బదులు గాలి తెర వచ్చింది. ఆర్గాన్ వాయువు పలకలా పై నుంచి కిందికి దూకుతుంది. లోపలి ఆవిరిని బయటికి రానివ్వదు, వెలుగును మాత్రం పోనిస్తుంది. మసి లేదు, మరక లేదు. ప్రపంచంలో ఎవరి దగ్గరా లేని కిటికీ. హరనాథ్ గారు ఓబులేసును కావిలించుకున్నారు. "ఇది నీ పేరుతోనే ఉంటుందయ్యా" అన్నారు. ఆ నిమిషంలో ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు ఈ రాత సులువయ్యేది.

కొలిమి లోపల ఆవిరిని ఉంచడానికి ఒక కుండ కావాలి. మామూలు పింగాణీలన్నీ ఆ వేడికి కరగడమో పగలడమో చేశాయి. చివరికి బెరిలియం కలిసిన పింగాణీ కుండ తెప్పించాం. దానితోపాటు ఒక హెచ్చరిక కాగితం వచ్చింది. దీన్ని కోయవద్దు, రుద్దవద్దు, పొడి పీల్చవద్దు, పొడి ఊపిరితిత్తులకు ప్రమాదం, కుండ కుండగా ఉన్నంతకాలం భయం లేదు. అందరం చదివి సంతకాలు పెట్టాం. ఓబులేసు ఆ కుండను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తి కొలిమిలో దించాడు. కోయలేదు, రుద్దలేదు.

అతని తాత కదిరి దగ్గర కమ్మరి. వేడిని కంటితో చదవడం ఆ ఇంట్లో పాలతోపాటు పట్టిన చదువు. ముందు చింతనిప్పు, తర్వాత మోదుగపువ్వు, తర్వాత తంగేడు, ఆపైన వెన్న, అన్నిటికీ పైన పాలు. అవి వాళ్ల తాత డిగ్రీలు. మా ల్యాబులో ఒక ఆచారం పడిపోయింది. వేడి మీటరును ఎవరూ చూడకూడదు. ముందు ఓబులేసు నల్లద్దాలు పెట్టుకుని, గాలి తెర దగ్గరికి వంగి, లోపలికి చూసి రంగు చెప్పాలి, దానికి డిగ్రీలు చెప్పాలి. ఆ తర్వాతే మీటరు. యాభై డిగ్రీల తేడాలో చెబితే మేమందరం అతనికి ఉగ్గాని బజ్జీ పెట్టించాలి. తప్పితే అతను మాకు.

"పాలు. కానీ ఇంకా మీగడ తేలలా. రెండువేల నూటెనబై" అనేవాడు.

మీటరు రెండువేల నూట తొంభై చూపించేది. మూడేళ్లలో మాకు అతను ఉగ్గాని పెట్టింది నాలుగుసార్లు. హరనాథ్ గారు బయటివాళ్లెవరొచ్చినా ఈ వేడుక చూపించేవారు. విదేశీయులు చప్పట్లు కొట్టేవారు. ఓబులేసు రోజుకు ఏడెనిమిదిసార్లు వంగి చూసేవాడు. మీటరు ఉండగా ఆ వంగడం అవసరమే లేదు. కానీ అందరికీ సరదాగా ఉండేది. నాకు గర్వంగా ఉండేది.

ఇక నా సంగతి. ప్రతి పరికరానికీ దాని సొంత గీతలు కొన్ని ఉంటాయి. దీపంవి, చేతి చెమటలో ఉప్పువి, గొట్టాలవి. వాటిని మేం ఇంటి గీతలు అనేవాళ్లం. అవి గ్రహం గీతలతో కలిస్తే లెక్క తప్పుతుంది. అందుకని రోజూ ఉదయం లోహాలేవీ వెయ్యకుండా, మంగలం గాలిలో ఉన్నట్టే కాస్త నీటి ఆవిరి మాత్రం కుండలోకి వదిలి, ఖాళీ కొలిమిని కాచి ఒక కొలత తీస్తాం. అందులో కనబడ్డవన్నీ మన ఇంటివే. ఆ రోజు కొలతలన్నిటి నుంచి వాటిని తీసేస్తాం. మొదట్లో ఈ పని చేత్తో చేసేవాళ్లం, గంటన్నర పట్టేది. నేను ఒక ప్రోగ్రాం రాశాను. అదే కొలుస్తుంది, అదే గుర్తుపడుతుంది, అదే తుడిచేస్తుంది, తుడిచినదాన్ని ఒక ఫైల్లో పడేస్తుంది. దానికి చీపురు అని పేరు పెట్టాను.

"నీ చీపురే లేకపోతే చెత్తలో కూర్చుని చుక్కలు చూసేవాళ్లం వకుళా" అన్నారు హరనాథ్ గారు. ఆ ఫైళ్లను తెరిచి చూడాలని ఎవరికీ తోచలేదు. ఊడ్చిన చెత్తను ఎవరు చూస్తారు?

రెండో ఏడు చివర్లో ఓబులేసుకు దగ్గు పట్టింది. పొడిదగ్గు. అనంతపురం దుమ్మనుకున్నాం. తర్వాత మేడ మెట్లెక్కి సగంలో ఆగేవాడు. "ఫోన్ వచ్చింది" అని జేబులోంచి తీసి చూస్తున్నట్టు నటించేవాడు. మనిషి చిక్కిపోయాడు. బెల్టుకు రెండు కొత్త చిల్లులు పొడిచాను.

టౌన్లో డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. రెండు ఊపిరితిత్తుల్లోనూ మచ్చలు. కఫంలో క్రిమి కనబడలేదు, కానీ కొందరిలో కనబడదట. ఈ దగ్గు, ఈ చిక్కిపోవడం, ఈ మచ్చలు చూస్తే టీబీయే అన్నాడు. నేను కాదనలేదు. గాలిలో కోటికొక పాలున్న ఆవిరిని పట్టే చదువు నాది, ఎక్స్‌రే ముందు నిలబడి డాక్టరు ఏం చెబితే దానికి తలూపాను.

మాత్రలు మొదలయ్యాయి. మూడోరోజు ఉదయం బాత్రూంలోంచి కేక. "మే! ఉచ్చ మోదుగపువ్వు రంగుకొచ్చిండాది. మీటరు పెట్టి చూడు ఎన్ని డిగ్రీలో!"

నేను నవ్వలేదు. నాకు భయంగా ఉంది. అతని కంచం వేరు చేశాను, గ్లాసు వేరు చేశాను. కలిసిపోకుండా కంచం అడుగున మేకుతో గీత గీశాను. మంచం ముందుగదిలో వేశాను. రాత్రి అన్నం పెట్టి మూడడుగుల దూరంలో నిలబడేదాన్ని. అతను దాన్ని కూడా తమాషా చేసేవాడు. "గాలి తెర ఏసుకున్నావా ఏం మే మధ్యలో?" అనేవాడు. తొమ్మిది నెలలు అతని పక్కన కూర్చోలేదు నేను.

మధ్యలో అయిదు వారాలు సెలవు పెట్టించాను. ఆశ్చర్యంగా కోలుకున్నాడు. దగ్గు తగ్గింది, మెట్లు ఎక్కాడు, ఫోన్ తీయలేదు. మాత్రలు పనిచేస్తున్నాయని డాక్టరూ నేనూ సంతోషించాం. కానీ అతను లేకపోతే కొలిమి ఆగిపోయింది. పెద్ద టెలిస్కోపులో మంగలాన్ని చూడటానికి మాకు నాలుగు తేదీలు దొరికాయి. ఆలోపు కొలతలు పూర్తికావాలి. వేరేవాళ్లు కొలిమి వెలిగిస్తే గాలి తెర చిరిగిపోయేది.

"ఇంకొక నెల ఉండమంటావా, పోదునా?" అని అడిగాడు ఓబులేసు.

"బానే ఉన్నావుగా. రా" అన్నాను. నేనే రమ్మన్నాను.

నాలుగు తేదీల్లోనూ ఆకాశం మాకు అనుకూలించింది. మంగలం వెలుగు వచ్చింది. మా కొలిమి గీతలను దానిమీద పెడితే తాళంచెవి పట్టినట్టు పట్టింది. గ్రహానికి సాయంత్రం అంచున ఇనుము ఉంది, తెల్లవారే అంచున లేదు. పగటి వైపు ఆవిరైన ఇనుము గాలికి కొట్టుకుపోయి, రాత్రి వైపు చల్లబడి వానగా కురుస్తోంది. కురిసిన మోతాదెంతో కూడా మేం చెప్పగలిగాం. అలా చెప్పినవాళ్లు అప్పటికి ఎవరూ లేరు.

ఓబులేసుకు గీతలు చూపించి చెప్పాను. "ఇనుము వానా! మా తాతుంటే ఆడికి పోయి కొలిమి పెట్టేటోడు మే. ఇనుము కొనే పన్లా, బొగ్గు కొనే పన్లా" అన్నాడు. నవ్వబోతే దగ్గొచ్చింది. దగ్గు ఆగేసరికి కుర్చీలో కూలబడ్డాడు, పెదవులు నీలంగా ఉన్నాయి.

పత్రం రాసి పేరున్న పత్రికకు పంపాం. అక్కడ పేరు తెలియని పరిశీలకుడొకరు చదివి ప్రశ్నలు పంపాడు. అన్నీ మెచ్చుకోళ్లే. చివర ఒకటి మాత్రం వేరు. నాలుగో బొమ్మలో, నీలంరంగు దగ్గర ఒకచోట మీ కొలిమి రేఖ మరీ నున్నగా ఉంది, ప్రకృతిలో అంత నునుపు ఉండదు, అక్కడ మీరు ఏమి తీసేశారు, తీసేసినదాన్ని చూపగలరా, కొలిమిని మళ్లీ కాచి రెండు కొత్త కొలతలు కూడా పంపండి, అన్నాడు. జవాబుకు పదిహేను రోజుల గడువు.

మూడేళ్లలో మొదటిసారి చీపురు ఊడ్చిన చెత్త తెరిచాను. ఎనిమిదివందల అరవై ఉదయాలు. అన్నిటినీ తేదీల వరుసన పేర్చమన్నాను. తెరమీద ఒక గీత పెరగడం మొదలుపెట్టింది. మొదటి నెల లేదు. మూడో నెలలో వెంట్రుకంత. ఏడాదికి చూపుడువేలంత. ఆదివారం కొలిమికి సెలవు గనక సోమవారాల్లో కాస్త తగ్గేది, శనివారానికి మళ్లీ లేచేది. మూడో ఏట ఒకచోట అయిదు వారాల ఖాళీ, ఆ తర్వాత మళ్లీ ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి ఎత్తుకుంది.

ఆ ఖాళీ తేదీలను రెండుసార్లు చదివాను. ఓబులేసు కోలుకున్న అయిదు వారాలవి.

గీత ఎవరిదో పోల్చడానికి ఎక్కువసేపు పట్టలేదు. అది నా వృత్తే కదా. బెరిలియం. హెచ్చరిక కాగితంలో అబద్ధం లేదు, కుండ చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా దానంతట అది ఏమీ చేయదు. కానీ ఆ వేడిలో నీటి ఆవిరి తగిలితే కుండ కొంచెం కొంచెంగా ఆవిరైపోతుంది. మంగలం గాలిలో నీళ్లున్నాయని నీటి ఆవిరి వదిలింది మేము. గాలి తెర ఇనుమును ఆపింది గానీ దీన్ని పూర్తిగా ఆపలేదు. తెర చిమ్మే గాలిలో కొంత బయటికొచ్చి, చల్లబడి, కంటికి కనబడని పొడై పడుతుంది. ఎవరిమీద? వంగి చూసేవాడి మొహం మీద. బెరిలియం జబ్బు ఎక్స్‌రేలో ఎలా ఉంటుందో చదివాను. టీబీ అని పొరబడటం సాధారణం అని ఉంది. మందులు వేరు. ముందు చేయాల్సింది మనిషిని ఆ గాలి నుంచి దూరం చేయడం.

తొమ్మిదివందల కాంతి సంవత్సరాల అవతల గాలిని చదివాం. మా గదిలో గాలిని మా యంత్రం రోజూ ఉదయం చదివి, రాసి పెట్టింది. దాన్ని నేను రోజూ తుడిచాను.

ఇక్కడిదాకా రాసింది ఏమరుపాటు. ఇకమీద రాసేది తప్పు.

ఆ కాగితాలు పట్టుకుని హరనాథ్ గారి గదికి పోయాను. ఆయన చాలాసేపు చూశారు. కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, అది నేను చూశాను.

"ఎంత పని జరిగిపోయింది వకుళా" అన్నారు. కళ్లు తుడుచుకుని, "జవాబుకు పదిహేను రోజులు గడువుంది కదా" అన్నారు.

"ఉంది సార్."

"ఇప్పుడు కొలిమి ఆపితే ఆ రెండు కొలతలు ఎక్కడి నుంచి తెస్తాం? మొత్తం పత్రం పోతుంది. నీ పదేళ్లు, నా ముప్ఫయ్యేళ్లు. ఓబులేసు పడ్డ కష్టం కూడా. జవాబు పోయిన మరుక్షణం ఆపేద్దాం. నా కారులో హైదరాబాదు తీసుకెళ్దాం. మూడేళ్లు ఆగినవాళ్లం…"

"మూడేళ్లు ఆగలేదు సార్. తెలియలేదు."

"అదేనమ్మా నేననేది కూడా."

ఆయన నన్ను బెదిరించలేదు, బతిమాలలేదు. నేను వద్దని ఒక్క మాట అంటే ఆపేసేవారనే ఇప్పటికీ నా నమ్మకం. ఆ మాట నేను అనలేదు. ఇనుప వాన నా కళ్లముందు కురుస్తోంది. పత్రం మీద మొదటి పేరు నాది.

పదకొండు రోజులు. తొమ్మిది రోజులు ఏవో సాకులు చెప్పి ఓబులేసును ఇంట్లో ఉంచాను. రెండు రోజులు కొలిమి వెలిగించాలి, అతను తప్ప దిక్కులేదు. ఆ ఉదయం అతనికి మంచి మాస్కు ఒకటి ఇచ్చాను, మూతికి బిగిసి పట్టేది.

"ఏందిది?" అన్నాడు.

"కొత్త రూలు" అన్నాను.

నా మొహంలోకి ఒక్కసారి చూసి పెట్టుకున్నాడు. కానీ ఊపిరికి నల్లద్దాలు మసకబారి రంగు తెలియడం లేదని, వంగి చూసేటప్పుడు మాత్రం కిందికి లాక్కున్నాడు. నేను పక్కనే ఉన్నాను. "మీటరుందిగా ఓబులేసు గారూ" అన్నాను. అంతకంటే గట్టిగా అనలేదు. అంటే కారణం చెప్పాలి.

"పాలు. మీగడ గూడా తేలింది" అన్నాడు. ఆ పూట అతను పందెం గెలిచాడు.

జవాబు పంపాం. ఆ నునుపు చోటు గురించి 'పరికరానికి చెందిన నేపథ్య గీత, సరిదిద్దబడింది' అని నా చేత్తోనే రాశాను. పరిశీలకుడికి తృప్తి కలిగింది.

పన్నెండోరోజు ఉదయం ఓబులేసు ముందుగదిలో గీత గీసిన కంచంలో ఉప్మా తింటున్నాడు. వెళ్లి అతని పక్కన, మంచం మీద, ఆనుకుని కూర్చున్నాను.

"దూరం మే, దూరం" అన్నాడు కంగారుగా.

"నీది టీబీ కాదప్పా."

"కాదా? నిజంగా కాదా? మరి ఇన్ని దినాలు నా తట్ట ఏరే పెట్టి సంపితివే!" మొహమంతా నవ్వు. ఆ నవ్వు చూస్తే నాకు చచ్చిపోవాలనిపించింది. "అయితే ఈ పొద్దు మద్యాన్నం నీతోనే కూసోని తింటా. బజ్జీలు చెయ్యి" అన్నాడు.

మిగతాది చెప్పాను. కుండ, నీటి ఆవిరి, గాలి తెర, చీపురు. ఫోన్లో ఆ పెరిగే గీత చూపించాను. దానిమీద వేలు పెట్టి మొదటినుంచి చివరిదాకా నడిపాడు. అయిదు వారాల ఖాళీ దగ్గర వేలు ఆపాడు.

"మిషను మంచిదే" అన్నాడు. "దినామూ చెప్పిండాది పాపం. మనమే ఇనలా."

నేను ఏడుస్తున్నాను. ఫోన్ నా చేతికిచ్చి అడిగాడు, "ఎప్పుడు తెలిసె నీకు?"

"నిన్న" అన్నాను.

అతను కంచం కింద పెట్టాడు. "మాస్కు ఇచ్చి నాలుగు దినాలాయె గదా" అన్నాడు.

అంతే అన్నాడు. ఇంకేమీ అడగలేదు, అప్పుడూ అడగలేదు, తర్వాతా అడగలేదు. లేచి చెయ్యి కడుక్కున్నాడు. మధ్యాహ్నం బజ్జీలు చేశాను. పక్కనే కూర్చుని రెండు తిన్నాడు.

హరనాథ్ గారు మాట తప్పలేదు, తన కారులోనే హైదరాబాదు తీసుకెళ్లారు. అక్కడి పెద్ద డాక్టరు మందులు మార్చాడు. నేను ఆ డాక్టరును బయటికి పిలిచి పదకొండు రోజుల సంగతి చెప్పాను. "అందులో మీరు ముందు చెప్పినా ఒరిగేదేం లేదమ్మా. మూడేళ్లు పీల్చాడు. రెండు రోజుల వల్ల వచ్చేదీ పోయేదీ లేదు" అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఆకులు కూడా కాలతాయని ఆయనకేం తెలుసు.

సంస్థ ఒక కమిటీ వేసింది. అప్పటి పరిజ్ఞానం మేరకు ఏ ఒక్కరి నిర్లక్ష్యమూ లేదని తేల్చింది. ఆ పదకొండు రోజుల గురించి నేను నాలుగు పేజీలు రాసిచ్చాను. అది సాంకేతిక విషయం కాదు గనక తమ పరిధిలోకి రాదన్నారు. కుండ మార్చారు, కొలిమికి పొగగొట్టం పెట్టారు, వంగి చూడటం నిషేధించారు. చీపురును మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడు పదకొండు దేశాల ల్యాబుల్లో వాడుతున్నారు.

పత్రిక అచ్చయి వచ్చేనాటికి ఓబులేసు ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో ముందుగదిలోనే ఉన్నాడు. ఆ గది అలవాటైపోయింది, లోపలికి రానన్నాడు. ఆక్సిజన్ మిషను పగలంతా గుర్రుమంటూ ఉండేది. నేను పత్రిక తెచ్చి ఒళ్లో పెట్టాను. కొలిమి ఫోటో చూశాడు. చివరి పేజీలో చిన్న అక్షరాల్లో కృతజ్ఞతల్లో తన పేరు చదువుకున్నాడు. గాలి తెరకు మాత్రం మా సంస్థ పేరుంది.

"ఆ నాలుగో బొమ్మ యాది?" అన్నాడు.

తీసి చూపించాను. ఎగుడుదిగుడుగా పోతున్న రేఖ, వందల పంటిగుర్తులు. అతను దగ్గరికి తీసుకుని, కొలిమిలోకి చూసినట్టే వంగి చూశాడు.

"నాది యాడుండాల్సింది దీంట్లో?"

నీలంరంగు దగ్గర, మంచినీళ్ల మీద నూనె పరిచినట్టు నున్నగా ఉన్న చోట వేలు పెట్టాను. నా వేలు తీయించి, తన వేలు అక్కడ పెట్టుకున్నాడు. అటూ ఇటూ రుద్ది చూశాడు. మిషను గుర్రుమంటోంది.

"బాగా తుడిచినావు మే" అన్నాడు.